బావగారి కంప్యూటరుకు తేదీ చెప్పడం

ఆ పెద్దాయన పోయాడన్న కబురు నాకు మొదట చెప్పింది మా బావగారు. పక్షవాతం వచ్చినప్పటి నుంచి మాట రాని మనిషి ఆయన. మొన్న పొద్దున నేను వంటింట్లో బియ్యం కడుగుతుంటే ఆయన గదిలో మంచం పట్టె మీద వేళ్లతో కొడుతున్న చప్పుడు వినిపించింది. ఒకసారి కొడితే అవును, రెండుసార్లు కొడితే కాదు, ఆగకుండా కొడితే రమ్మని. మా ఇంట్లో అందరికీ అలవాటైన లెక్క అది. ఆ పొద్దు కొట్టిన తీరు మాత్రం ఈ మూడింటిలో దేనిలోనూ పడలేదు. ఒక దెబ్బ, కాస్త ఆగి ఇంకో దెబ్బ, ఇంకాస్త ఆగి మరొకటి. పాత ఆయిల్ ఇంజను బంద్ చేసినప్పుడు చక్రం తిరిగి తిరిగి నిలబడిపోతుందే, ఆ తీరు. చేతులు తుడుచుకుని వెళ్లాను. కంప్యూటరు తెర మీద నాలుగు వాక్యాల ఇంగ్లీషు. ఇంగ్లండులో ఏదో పల్లెలో ఉండే పెద్దాయన కూతురు రాసింది. నాన్న నిద్రలోనే వెళ్లిపోయారు, ఇంజన్ల స్నేహితులకు తప్పకుండా తెలియజేయమని ముందే చెప్పి ఉంచారు అని. నేను చదవడం అయ్యేదాకా బావగారు నా ముఖం చూశారు. అయ్యాక కిటికీ వైపు తిరిగారు.

ఎక్కడి ఇంగ్లండు, ఎక్కడి ఎల్లారెడ్డి, ఎవరు పోతే ఎవరింట్లో పొయ్యి ఆలస్యంగా వెలగడం ఏమిటని మీరు అనుకుంటే తప్పులేదు. అది చెప్పాలంటే ముందు మా ఇంటి తలుపు గురించి చెప్పాలి. నేను చిన్న కోడలిగా ఈ ఇంటికి వచ్చాను. భర్త అన్నకు ఎదురుగా కూర్చోవడం, ఆయనతో నేరుగా మాట్లాడడం, ఆయన పేరు పలకడం మా దిక్కు పాత ఇండ్లలో లేదు. ఎవరో కోప్పడి నేర్పింది కాదు, ఇంట్లో గాలీ వెలుతురూ ఉన్నట్టే అదీ ఉండేది. బావగారు తన గదిలో, నేను నడిమింట్లో, మధ్య సగం వేసిన తలుపు. ఆయన నాకు చెప్పాల్సిందేదైనా ఉంటే మా యారాలితో, అంటే తన భార్యతో చెప్పేవారు. నేను ఆమెను అక్కా అంటాను. మూరెడు దూరంలో ఉండి ఆయన మాట నేను చక్కగా విన్నా సరే, అక్క నోటి నుంచి మళ్లీ వస్తేనే అది నాకు చేరినట్టు.

"ఆమెకు జెప్పు, చాయల చక్కెర తక్కువైంది."

"ఇన్నవా చెల్లె, చక్కెర తక్కువైందట."

"ఇంక జర ఏస్తనని చెప్పక్కా."

"ఏస్తదట."

"ఇన్న," అనేవారు ఆయన.

అక్క ఇంట్లో లేనినాడు ఆయన తలుపుతోనే మాట్లాడేవారు. "ఓ తలుపూ, బర్రె తాడు తెంపుకున్నది, ఎవరన్న ఉంటే సూడుమను," అని. తలుపు తరఫున నేను వెళ్లి బర్రెను కట్టేసేదాన్ని.

నేను బడికి పోలేదు. మాది పెద్దకొడప్‌గల్ దగ్గర చిన్న పల్లె. చిన్నప్పుడు ఉబ్బసం ఎక్కువ, నాలుగడుగులు వేస్తే ఊపిరి ఆడేది కాదు. బాపు నన్ను ఇంట్లోనే కూర్చోబెట్టి పంచాంగంతోనూ భజన పాటలతోనూ ఎరువుల సంచుల మీది అక్షరాలతోనూ తెలుగు నేర్పాడు. అది భగవంతుడు మొదట ఇచ్చింది. రెండోది ఇంగ్లీషు, దాన్ని ఈ తలుపు కింది సందులోంచి పంపాడు. బావగారు మస్కట్‌లో ఇంజన్లు బాగుచేసే వర్క్‌షాపులో చాలా ఏండ్లు పనిచేసి వచ్చారు. అక్కడి నుంచి వచ్చేవాళ్లు కంబళ్లు, సెంటు సీసాలు తెస్తుంటే ఈయన అట్టపెట్టెలో ఒక కంప్యూటరు తెచ్చారు. పాత విండోస్‌ది, ఆకుపచ్చ గుట్ట మీద నీలం ఆకాశం కనిపించేది. పొద్దున పొలం నుంచి వచ్చాక దాని ముందు కూర్చుని, వచ్చిన ఉత్తరాలను పైకి చదివి, ఒక్కో మాటకు అర్థం తలుపుకు చెప్పేవారు. నాకు తెలియని అక్షరాన్ని పలక మీద రాసి గడప మీదుగా ఇవతలికి తోసేవారు. నేను దిద్ది అవతలికి తోసేదాన్ని. పలక మధ్యలో అక్క కాలికి తగిలితే, "ఇదేం సదువురా నాయనా, నడువ సందు లేదు," అని విసుక్కునేది. ఏ పరీక్షా రాయకుండా నేను చదువుకున్నది అంతే. అయినా అది తక్కువని నాకెప్పుడూ అనిపించలేదు.

ఆయన చదివేవి ఉత్తరాలు అన్నాను గానీ నిజానికి ఉత్తరాలు కావు. న్యూస్ గ్రూపు అంటారు. మస్కట్‌లో తోటి మెకానిక్ ఒకాయన దాన్ని చూపించాడట. అదేమిటో బావగారు ఒకసారి తలుపుకు ఇలా చెప్పారు: "ఇది ఫోను గాదు, ఉత్తరం గాదు. బస్టాండ్ల నిలవడి ఒక మాట గట్టిగ అడిగినట్టు. ఎవలకు దెల్సో వాళ్లు జెప్తరు, తెల్వనోళ్లు ఇంటరు. రేపు బస్సు దిగేటోడు గూడ ఆ మాట ఇనచ్చు." ఎక్కడో ఉండే సర్వరు నుంచి ఆ మాటలన్నీ మన ఇంటికి తెచ్చి, ఎవరి ప్రశ్నకు ఎవరి జవాబో చెదరకుండా ఒకదాని కింద ఒకటి పేర్చి చూపే ప్రోగ్రామును న్యూస్ రీడర్ అంటారు. బొమ్మలుండవు, పాటలుండవు, ఉత్త అక్షరాలు. బావగారి గ్రూపులో మాటలన్నీ పాత ఆయిల్ ఇంజన్ల గురించే. మా మామగారు బాయి దగ్గర పెట్టించిన ఇంజను అలాంటిదే. కరెంటు మోటారు వచ్చాక దానికి పని పోయింది, బావగారు మాత్రం అమ్మనివ్వలేదు. ఏటా దసరాకు కుంకుమ బొట్టు పెట్టి ఒకసారి తిప్పేవారు. ఆ గ్రూపులోని వాళ్లు అలాంటి ఇంజన్లకు రంగులు పూసి, ఇత్తడి తోమి, జాతరలో ఎద్దులను నిలబెట్టినట్టు నిలబెట్టి చూస్తారట. మా ఇంజను నిజంగా వరి పండించిందని, బాయి లోపల గద్దె మీద కూర్చుని నీళ్లు తోడిందని ఈయన రాస్తే వాళ్లకు గొప్ప అబ్బురం. అందులో ఆ ఇంగ్లండు పెద్దాయనకు మరీను. ఆయన తండ్రి ఇంజను కూడా అచ్చం అలాంటిదే, కొట్టంలో తుప్పుపట్టి దొరికిందట. దాన్ని మళ్లీ నడిపించాలని ఆయన ఒక్కో భాగం విప్పుతుంటే, ఈయన ఇక్కడి నుంచి ఎలా బిగించాలో చెబుతూ వచ్చారు. ఒకరి ముఖం ఒకరు చూసింది లేదు. ఆ బిగింపు పూర్తి కాకముందే మా ఇంట్లో ఈయన మంచం పట్టారు.

నాట్లు అయిపోయిన రోజులవి. బావగారు గట్టు మీద కూర్చున్నవారు కూర్చున్నట్టే ఒరిగిపోయారు. కామారెడ్డి ఆస్పత్రిలో పేషెంటు పేరేమిటని అడిగితే అక్క నా వైపు చూసింది, నేను అక్క వైపు చూశాను. ఆమె ఆయన భార్య, నేను తమ్ముడి భార్య. ఇద్దరిలో ఎవరికీ ఆ పేరు పలికే హక్కు లేదు. నా భర్త అప్పుడు గల్ఫ్‌లో ఉన్నారు. అక్క సంచిలోంచి ఆధార్ కార్డు తీసి బల్ల మీద ముందుకు తోసింది. "మీకు నోరు లేదా అమ్మా?" అన్నది అక్కడ పేర్లు రాసే పిల్ల. "నోరున్నది బిడ్డా, పేరు లేదు," అన్నది అక్క. ప్రాణం దక్కింది, దేవుడి దయ. మాట దక్కలేదు. విన్నది అర్థమవుతుంది, చదివింది అర్థమవుతుంది, కానీ చెప్పాలనుకున్న మాట నాలుకకూ రాదు, చేతి వేళ్లకూ రాదని డాక్టరు చెప్పారు.

ఇంటికి వచ్చేసరికి కంప్యూటరు కూడా మంచం పట్టి ఉంది. మేము లేనప్పుడు కరెంటు ఎక్కువ తక్కువైందేమో, బటను నొక్కితే నల్లటి తెర. అక్కా నేనూ దాన్ని దుప్పట్లో చుట్టి ఒడిలో పెట్టుకుని బస్సులో కామారెడ్డి పోయాం. కండక్టరు తొంగి చూసి, "పండుకున్నదామ్మా? టికెట్ అక్కర్లేదు తియ్," అన్నాడు. దుకాణం ఆయన మంచివాడు. నాలుగు రోజులకు ఫోన్ చేసి, "మొత్తం కడిగి పెట్టిన అక్కా. కొత్త పెండ్లిపిల్ల లెక్కున్నది," అన్నాడు. నిజంగానే కొత్త పెండ్లిపిల్లలా ఉంది, ఎవరినీ గుర్తుపట్టనట్టు. గుట్టా ఆకాశమూ ఉన్నాయి, న్యూస్ రీడర్ లేదు. బావగారు ఎడమ చేత్తో మౌస్ పట్టుకుని తెరంతా వెతికారు. ఎప్పుడూ ఉండే మూలలో ఆ బొమ్మ లేకపోయేసరికి మౌస్ వదిలేసి గోడ వైపు తిరిగి పడుకున్నారు.

అలా ఎన్నాళ్లో పడుకునే ఉన్నారు. మందు ఇస్తే నోరు తెరిచేవారు, బువ్వ పెడితే మూసేవారు. నా భర్త గల్ఫ్ నుంచి మంచి ఫోన్ పంపిస్తే ఒక వేలితో పక్కకు నెట్టేశారు. ఎముకలు తేలుతున్నాయి. వ్యాయామం చేయించడానికి వచ్చే ఆయన కూడా, "మనసు వెట్టకుంటె చెయ్యి రాదమ్మా," అని చెప్పి పోయాడు. ఒక మధ్యాహ్నం అక్క గిన్నెలోని జొన్న గట్క అలాగే తెచ్చి నా ముందు పెట్టింది.

"ఈ మనిషికి బువ్వ వద్దు, నీళ్లొద్దు. ఆ డబ్బల ఉన్నోళ్లు గావాలె. గిట్లనే ఉంటె మనిషి దక్కడు చెల్లె. నువ్వు తలుపు కాడ కూసోని అంత ఇన్నవ్ గద. నువ్వే ఏమన్న జెయ్యి."

"ఇన్నది వేరు, చేసుడు వేరక్కా."

"గా సంగతి తలుపుకు జెప్పు," అంది. చాలా రోజుల తర్వాత ఆమె నోట వచ్చిన మొదటి ఎగతాళి అది. అందుకే నాకు ధైర్యం వచ్చింది.

కామారెడ్డి దుకాణం ఆయన బస్సు డ్రైవరు చేతికి పెన్‌డ్రైవ్ ఇచ్చి పంపాడు. అందులోని న్యూస్ రీడర్ మా కంప్యూటరులో ఎక్కలేదు. ఇది ఇక్కడ నడిచేది కాదని ఒక చిన్న పెట్టె, దాని మీద ఎర్ర గుర్తు. ఫోన్ చేస్తే, "అది కొత్తది అక్కా. మీ మిషినుకు పాతదే గావాలె. ఇప్పుడు దొర్కుడు కష్టం. ఎవలన్న సీడీల ఏసి దాసుకుంటె ఉంటది," అన్నాడు. బావగారు ప్రతిదీ సీడీల్లో దాచేవారని నాకు తెలుసు. కట్టలు కట్టలుగా ఉండేవి. ఏవక్కా అంటే అక్క ముఖం మారిపోయింది.

"గవి పాటలయి గావా?"

"ఏం జేసినవక్కా?"

"మక్కచేన్ల కట్టిన. చిల్కలు బెదురుతయని."

ఇద్దరం చేనికి పోయాం. నిజంగా ఎంత అందంగా ఉన్నాయో. తాళ్లకు వేలాడుతూ, గాలికి తిరుగుతూ, ఏడు రంగులూ మక్క ఆకుల మీద చల్లుతున్నాయి. చిలుకలు కూడా బాగానే ఉన్నాయి, వాటి పక్కనే కూర్చుని కంకులు తింటున్నాయి. విప్పి కొంగులో వేసుకుని వచ్చి ఒక్కొక్కటే పెట్టి చూశాను. ఎండకూ వానకూ పూత పోయి కొన్ని గాజు పెంకుల్లా అయ్యాయి. కంప్యూటరు ఒక్కోదాన్ని నోట్లో పెట్టుకుని గుర్రుమని తిప్పి బయటికి ఉమ్మేసింది. బావగారు గోడ వైపు నుంచి తిరగలేదు గానీ ప్రతి గుర్రుకూ ఆయన భుజం కదలడం నేను చూశాను. పొద్దుగూకింది. అక్క దీపం పెట్టడానికి దేవుడి అర ముందు కూర్చుని, అగ్గిపుల్ల గీసి, అట్లాగే ఆగిపోయింది.

"చెల్లె. నర్సింహసామి ఎనుక ఒకటున్నది."

స్వామి పటం వెనుక ప్రభలాగా మెరుస్తుందని ఎప్పుడో ఒక సీడీ నిలబెట్టిందట. ఏళ్ల తరబడి హారతి పొగ పట్టి నల్లబడి ఉంది. అక్క చెంపలు వేసుకుని, "జరంత సేపే సామీ, పని గాంగనే మల్ల పెడ్త," అని తీసి ఇచ్చింది. సబ్బు నీళ్లతో మెల్లగా కడిగితే మసి కింద బావగారి చేతి రాత బయటపడింది. ఆ ప్రోగ్రాము పేరే. కంప్యూటరు దాన్ని గుర్రుమనకుండా తీసుకుంది. ఎండ తగలని చోట ఉంది కాబట్టి చెడిపోలేదని నాకు తెలుసు. ఎండ తగలని ఆ చోటు ఏదో కూడా నాకు తెలుసు. రెండింటికీ కలిపి ఒకే దండం పెట్టాను.

మరునాడు పొద్దున బిగించడానికి కూర్చున్నాను. తెర బావగారికి కనిపించాలి, చదివేది నేనే కావాలి. అంటే ఆయన మంచం పక్కనే, ఆయన ఎదురుగా కూర్చోవాలి. అక్క పీట తెచ్చి వేసి, "లోపటికి రా చెల్లె. తలుపు అలిసిపోయింది," అంది. కొంగు తల మీదికి లాక్కుని ఒక పక్కకు కూర్చున్నాను. నాకు ఇబ్బంది కాకూడదని ఆయన ముఖం అటు తిప్పుకున్నారు. అటు తిప్పితే తెర కనిపించదు. కాసేపటికి ఇటు తిరిగారు. నెక్స్ట్ అని ఉన్నచోటల్లా నొక్కుకుంటూ పోయాను. సర్వరు పేరు అడిగింది. ఆ పేరు తలుపు అవతల ఎన్నోసార్లు విన్నదే, రాశాను. తర్వాత పోర్టు నంబరు. కొత్త సర్వర్లు తాళం మీద తాళం అడుగుతాయట, ఈ పాత కంప్యూటరుకు ఆ తాళాలు తీయడం రాదు. బావగారి సర్వరు మాత్రం పాత వాకిలి కూడా మూయకుండా ఉంచింది. దాన్ని నడిపే వాళ్లెవరో గానీ వాళ్ల కడుపు చల్లగా ఉండాలి. ఆ వాకిలి నంబరు నాకు గుర్తుంది, అయినా అడగకుండా ఉండలేకపోయాను.

"పోర్టు ఒకటి ఒకటి తొమ్మిదే గద, బావ?"

అక్క వింటూ ఊరుకుంది, మళ్లీ చెప్పలేదు. ఇన్నేళ్లలో నేను ఆయనతో నేరుగా అన్న మొదటి మాట అది. ఆయన మంచం పట్టె మీద ఒకసారి కొట్టారు.

ఆ తర్వాతి పెట్టె దగ్గర చిక్కు వచ్చింది. మీ పేరు అని అడిగింది. గ్రూపులో ప్రతి మాట మీదా కనిపించే పేరు అదే.

"సంకల్పంల పంతులు అడిగినట్టే అడుగుతున్నదేందే ఇది?" అంది అక్క. "నువ్వు రాయి."

"నేనెట్ల రాస్త? నువ్వు రాయి."

"నాకు రాసుడొస్తె నిన్నెందుకు పిలుస్తనే! నోటితోని అనొద్దు గాని, రాస్తె ఏమైతది?"

"రాసేటప్పుడు లోపట అనుకుంటం గదక్కా."

అక్క ఆలోచించింది. "అవు. లోపట అన్నా అన్నట్టే," అని ఒప్పుకుంది. ఆయనేమో రాయలేరు. చివరికి ఇంట్లో ఆయన్ను నేను ఏమంటానో అదే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాను: బావగారు. కింద ఇంకో పెట్టె, మీ సంస్థ ఏమిటని. ఏమడుగుతున్నదంటే, మీరు ఎవరి తాలూకు అని అడుగుతోందక్కా అన్నాను. "గదంటె గోత్రమే. రాయి," అంది. గోత్రం రాశాను. అప్పుడు బావగారి గొంతులోంచి ఒక చప్పుడు వచ్చింది. భయపడి చూస్తే ఆయన నవ్వుతున్నారు, ముఖంలో సగమే కదులుతోంది. తప్పైతే ఎవరితోనన్నా మార్పిస్త బావ అన్నాను. రెండుసార్లు గట్టిగా కొట్టారు. ఆ పేరు అట్లాగే ఉండిపోయింది.

చివర పాస్‌వర్డ్. అది నాకు తెలియదు, ఎవరికీ తెలియదు. కీబోర్డును మెల్లగా ఆయన ఎడమ చేతి కిందికి జరిపాను. పేరు రాయలేని ఆ వేళ్లు ఒక్క క్షణం ఆగి, వాటికవే నడిచినట్టు టకటకా కొట్టేశాయి. తెర మీద వరుసగా నల్ల చుక్కలు పడ్డాయి. నాలుక మరిచిపోయింది వేళ్లు దాచుకున్నాయి. సర్వరు తలుపు తీసింది. గ్రూపుల పేర్లు ధాన్యం రాశిలా జారిపోతుంటే వాటిలోంచి ఇంజన్ల గ్రూపును పట్టుకున్నాను. పాత మాటలన్నీ వరుసగా వచ్చి నిలబడ్డాయి, వాటిలో బావగారి సొంత పేరుతో ఉన్నవి కూడా.

"ఏది ఆయనది?" అంది అక్క.

పలకకుండా వేలితో చూపించాను. చదవడం రాని ఆమె ఆ అక్షరాల మీద తన వేలు ఉంచింది. తర్వాత ఆ వేలిని కళ్లకు అద్దుకుంది. అన్నిటికన్నా కింద ఆ ఇంగ్లండు పెద్దాయన ప్రశ్న ఉంది. ఇంజను బిగించడం అయింది, తిప్పితే దగ్గి ఆగిపోతోంది, ఏం చేయను? దాని కిందే ఇంకొకటి: మీరు క్షేమమేనా? ఇంకొకటి: ఇంజను సంగతి వదిలేయండి, మీరు క్షేమమేనా?

నాకు వచ్చిన ఇంగ్లీషులో జవాబు రాశాను. ఈయన మాట్లాడలేరు, చదవగలరు, బాయిలో ఇంజను ఉన్న మనిషి ఈయనే, దయచేసి రాయండి అని. పంపితే సర్వరు తిప్పికొట్టింది. ఇది మరీ పాత ఉత్తరం, తీసుకోను అంది.

"ఇప్పుడే గద రాసినవ్, పాతదెట్లయితది?" అని అక్క కంప్యూటరు మీదికి లేచింది. బావగారి వేలు మాత్రం తెర అడుగున మూలను చూపిస్తోంది. అక్కడ తేదీ ఉంది. ఎప్పటిదో జనవరి ఒకటో తారీఖు, ఆ యంత్రం పుట్టిన ఏడు. లోపల రూపాయి బిళ్లంత సెల్లు ఒకటి ఉంటుందట. అది అయిపోతే కరెంటు తీసినప్పుడల్లా కంప్యూటరు నడిచిన కాలమంతా మరిచిపోయి మొదటి రోజుకు పోయి కూర్చుంటుందట. కామారెడ్డి ఆయన ఫోన్‌లో చెప్పాడు. అప్పుడు నాకు తోచింది, అక్క సంకల్పం అన్నది సరిగ్గానే అందని. ఏ పూజైనా ముందు ఇది ఏ సంవత్సరం, ఏ మాసం, ఏ తిథి అని చెప్పుకుని, తర్వాతే కదా గోత్రమూ పేరూ. మేము పేరు చెప్పి కాలం చెప్పడం మరిచాం. తేదీ సరిచేసి మళ్లీ పంపాను. పోయింది.

మరునాడు జవాబు వచ్చింది. బావగారు అన్న పేరు గల మనిషి నాకు తెలియదు, కానీ బాయిలో ఇంజను ఉన్న మనిషి ఈ లోకంలో నాకు ఒక్కడే తెలుసు, నువ్వేనా? అని. నేను చదువుతుండగానే పట్టె మీద ఒకసారి కొట్టారు. ఆ దెబ్బ పక్కింటికి వినిపించి ఉంటుంది. ఆ పూట అక్క గట్క కలిపి తెస్తే గిన్నె తన ఎడమ చేతిలోకి తీసుకున్నారు. అక్క వంటింట్లోకి వెళ్లి చాలాసేపు గిన్నెలు తోమింది.

ఇక దగ్గి ఆగిపోయే ఇంజను సంగతి. ఇదివరకు ఆయన మాట నాకు అక్క చేర్చేది, ఇప్పుడు ఆయన మాట ఇంగ్లండుకు నేను చేర్చాలి, తలుపు పని నాకు వచ్చింది. డీజిల్ సరిగా రావడం లేదా బావ? రెండుసార్లు. గాలి చేరిందా? రెండుసార్లు. ఆయన వేలు మాత్రం నా భుజం మీదుగా దేవుడి అరను చూపుతోంది. ఆ పెద్దాయన కోసం దీపం పెట్టమంటున్నారని నాకు మనసు నిండిపోయింది. పెట్టాను. రెండుసార్లు. ఒత్తి చిన్నదేమోనని ఇంకో ఒత్తి వేశాను. రెండుసార్లు. రెండో కుంది కూడా వెలిగించి సహస్రనామం మొదలుపెట్టాను. పట్టె మీద ఆగకుండా కొట్టడం మొదలుపెట్టారు. అక్క వచ్చి చూసి, దీపాలను చూసి, ఆయన వేలు ఎటు ఉందో వంగి చూసింది.

"ఓ పిచ్చి చెల్లె! దీపం గాదే, నూనె. నూనె, చెంచ. దసరకు ఇంజన్ల జెంచెడు నూనె పోసి తిప్పుతడు సూడు, గది!"

ఒకసారి. పాతబడిన ఇంజను లోపల వదులైతే ఒత్తిడి నిలవదు. ఇంజన్ ఆయిల్ చెంచాడు, గాలి లోపలికి పోయే దారిలో పోసి తిప్పితే ఆ సందు మూసుకుంటుంది. అదంతా ఒక్కో కొట్టుడుకూ ఒక్కో మాట చొప్పున రాసి పంపాను. రెండు రోజులకు జవాబు: నడిచింది, మా నాన్న పోయిన తర్వాత మళ్లీ ఇప్పుడే ఆ చప్పుడు విన్నాను అని. ఆ పొద్దు బావగారు మంచం పట్టె మీద ఇంజను నడిపారు. ముందు ఆగి ఆగి, తర్వాత అందుకుని, టక్ టక్ టక్ అని నిలకడగా. పెరట్లోంచి అక్క కేకేసింది, "ఎవలే ఇంజను పెట్టిండ్రూ?"

తర్వాత ఆ గ్రూపులోని వాళ్లంతా, ఎవరూ చెప్పకుండానే, ఆయన్ను బావగారూ అని రాయడం మొదలుపెట్టారు. ఎక్కడెక్కడి ముసలివాళ్లో. అర్థం తెలుసుకుని రాసినవాళ్లు కాదు. ఆ సంగతి అక్కకు చెబితే వేళ్ల మీద ఏదో చుట్టరికం కలుపుకుని, "ఈయన వాళ్లకు బావైతె వాళ్లు నాకు తమ్ముండ్లే గద. నాకు తమ్ముడు లేడని మా అవ్వ ఎప్పుడు ఏడ్సేది," అంది. అప్పటి నుంచి ఉత్తరం వస్తే, పెద్ద తమ్ముడు ఏం రాసిండే అని అడిగేది. ఆయన వయసు ఆమెకన్నా చాలా ఎక్కువని చెప్పినా వినలేదు. మొన్న నేను ఆ కబురు చెప్పగానే చేతిలోని చేట కింద పెట్టి, బాయి దగ్గరకు పోయి తలస్నానం చేసి వచ్చింది. వచ్చి తడి జుట్టుతోనే దీపం పెట్టింది. స్వామి వెనుక ఆ సీడీ యథాస్థానంలో మెరిసింది.

రూపాయి బిళ్ల సెల్లు కామారెడ్డి నుంచి తెప్పించి దేవుడి అరలోనే పెట్టాను, ఇంకా వేయించలేదు. రోజూ పొద్దున నా పూజ అయ్యాక కంప్యూటరు పెడతాను. అది ఎప్పటిలాగే తాను పుట్టిన ఏటికి పోయి కూర్చుని ఉంటుంది. అక్కడ బావగారికి మాట ఉంది, తలుపు సగం వేసి ఉంది, ఇంగ్లండులో ఆ పెద్దాయన ఇంకా ఆ ఇంజనును చూడనైనా లేదు. కొంచెం సేపు అట్లాగే ఉంచుతాను. తర్వాత ఇది ఏ సంవత్సరమో, ఏ నెలో, ఏ రోజో దానికి చెబుతాను. చెప్పకపోతే ఈ ఇంటి మాట ఎవరికీ చేరదు. జరిగిపోయిన కాలాన్ని రోజూ ఒకసారి ఒప్పుకుంటేనే ఆ పూటకు మాట్లాడనిస్తుందని ఆ యంత్రం దగ్గర నేర్చుకున్నాను.

ఆ పెద్దాయన పేరు నాకు తెలుసు. పలకడానికి నాకు అడ్డం లేదనే ఇన్నాళ్లూ అనుకున్నాను. కానీ అక్క తలస్నానం చేసి వచ్చాక ఆయన ఈ ఇంటి పెద్ద అయిపోయారు, ఇక నేనూ పలకను, ఇక్కడా రాయను. మీ దిక్కు పొలాల్లో ఎక్కడన్నా పాత ఆయిల్ ఇంజను దగ్గి దగ్గి అందుకున్న చప్పుడు వినిపిస్తే ఒక్క నిమిషం నిలబడండి. జవాబు రాకపోయినా, ఇంజను సంగతి వదిలేసి, మీరు క్షేమమేనా అని మళ్లీ అడిగిన ఆ మనిషిని ఒకసారి తలుచుకోండి.